విరేచనాలు తగ్గినా, తిన్నప్పుడల్లా కడుపునొప్పి ఎందుకు?

ఇన్ఫెక్షన్ పోయినా దాని గుర్తు పేగు గోడలో మిగిలిపోవడం ఒక ముఖ్య కారణం. మామూలుగా పాలు, గోధుమల జోలికి రోగనిరోధక వ్యవస్థ పోదు. కానీ బ్యాక్టీరియా దాడి చేస్తున్న రోజుల్లో తిన్నవాటిని అది శత్రువుల లెక్కలో వేసేయొచ్చు. బెల్జియంలోని లూవెన్ విశ్వవిద్యాలయ బృందం 2021లో చిట్టెలుకల్లో చూపింది ఇదే. సిట్రోబ్యాక్టర్ అనే పేగు బ్యాక్టీరియా సోకినప్పుడు గుడ్డు ప్రోటీన్ పెడితే, దానిమీద ఐజీఈ (అలర్జీ తెప్పించే రకం) యాంటీబాడీలు పేగులోనే తయారయ్యాయి. ఇన్ఫెక్షన్ తగ్గాక మళ్లీ అదే ప్రోటీన్ తగిలితే చాలు, మాస్ట్ కణాలనే రోగనిరోధక కణాలు హిస్టమిన్ అనే అలర్జీ రసాయనాన్ని వదిలాయి. ఆ హిస్టమిన్ నరాల మీద తనను అందుకునే హెచ్1 గ్రాహకం ద్వారా, నొప్పిని పసిగట్టే టీఆర్‌పీవీ1 అనే ప్రోటీన్‌ను రెచ్చగొట్టింది. మిరపకాయ మంటను పసిగట్టేదీ ఈ టీఆర్‌పీవీ1నే. ఇక కాస్త గ్యాస్‌కి పేగు సాగినా నొప్పే.

ఈ ఐజీఈ పేగు దాటి రాదు కాబట్టి రక్తంలో, చర్మంమీద చేసే అలర్జీ పరీక్షలు నార్మల్ అనే వస్తాయి. అది చూసి "అంతా మీ భ్రమ" అనేయడం అన్యాయం.

ఐబీఎస్ (తరచూ కడుపునొప్పితో పాటు విరేచనాలో మలబద్ధకమో వేధించే పేగు సమస్య) రోగులకు, హెచ్1 గ్రాహకాన్ని అడ్డుకునే అలర్జీ మందు ఎబాస్టిన్‌ను రోజుకు 20 మి.గ్రా. చొప్పున 12 వారాలు ఇచ్చి చూస్తే కొందరికి ఉపశమనం దొరికింది. డాక్టర్‌ని అడక్కుండా మాత్రం వేసుకోవద్దు. మలంలో రక్తం, జ్వరం, బరువు తగ్గడం ఉంటే ఇదంతా పక్కనపెట్టి ముందు గ్యాస్ట్రోఎంటరాలజిస్టుకు చూపించుకోండి.