ఆరు వారాలుగా గొంతు బొంగురు... వేప్ సంగతి డాక్టరుకు చెప్పలేదు!

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 27. మాది తెనాలి దగ్గర ఒక ఊరు. హైదరాబాద్‌లో కాల్ సెంటర్‌లో రాత్రి షిఫ్టు ఉద్యోగం చేస్తున్నాను. చిన్నప్పుడు తాతగారి దగ్గర పద్యాలు నేర్చుకున్నాను. పండుగలకు ఊరికి వెళ్లినప్పుడు నాటకాల్లో పాడుతుంటాను. ఐదేళ్లు సిగరెట్ తాగి, ఏడాదిన్నర క్రితం మానేసి వేప్‌కు, అంటే ఈ-సిగరెట్‌కు మారాను. ఆరు వారాలుగా గొంతు బొంగురుపోయింది. లోపల వెంట్రుక అడ్డుపడినట్టు ఎప్పుడూ గీరుతూ ఉంటుంది. షిఫ్టు పూర్తయ్యేసరికి మాట రాదు. పద్యం ఎత్తుకుంటే రాగం దగ్గర గొంతు తెగిపోతోంది. రెండుసార్లు డాక్టరుకు చూపించుకున్నాను. ఒకసారి యాంటీబయాటిక్, ఇంకోసారి గ్యాస్ మాత్రలు ఇచ్చారు. తగ్గలేదు. పొగ తాగుతారా అని అడిగితే లేదన్నాను. నిషేధించిన వస్తువు కదా అన్న భయంతో వేప్ సంగతి చెప్పలేదు. లండన్‌లో ఉన్న మా అన్నయ్య మాత్రం అక్కడి డాక్టర్లే దీన్ని వాడమంటారని చెబుతాడు. నా గొంతు మళ్లీ మామూలవుతుందా?
- పేరు రాయవద్దు, హైదరాబాద్

సలహా: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండుసార్లూ ఒక్కచోటే ఆగిపోయాను. ‘పొగ తాగుతారా అని అడిగితే లేదన్నాను’ అన్నచోట. మీరు అబద్ధమాడారని అనను. సిగరెట్ మానేశారు, అడిగినదానికి జవాబు చెప్పారు. ‘వేప్ పీలుస్తారా’ అని పేరు పెట్టి అడగవలసిన బాధ్యత వైద్యులది. అయితే ఆ ఒక్క సంగతి తెలియకపోవడం వల్ల మీ ఆరు వారాలు వృథా అయ్యాయి. మీరు వాడిన మందులు కూడా వృథా అయ్యాయి. గొంతు పరీక్షకు వచ్చేవారిలో, ముఖ్యంగా పాతికేళ్ల లోపువారిలో, ఇది దాచిపెట్టడం నేను తరచూ చూస్తున్నాను. పక్కన అమ్మో నాన్నో ఉంటే అసలు నోరు విప్పరు.

ముందు ఆ భయం తీరుస్తాను. ఈ-సిగరెట్లపై మన దేశంలో 2019లో వచ్చిన చట్టం వాటి తయారీ, దిగుమతి, రవాణా, అమ్మకం, నిల్వ, ప్రకటనలను నిషేధించింది. అమ్ముతూ మొదటిసారి పట్టుబడితే ఏడాది వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. రోగి తన అలవాటు గురించి వైద్యుడికి చెప్పిన మాట మాత్రం ఆ గది దాటి పోకూడదు. దాన్ని గోప్యంగా ఉంచడం మా వృత్తిధర్మం. ఈసారి వెళ్లినప్పుడు ఎన్నాళ్లుగా పీలుస్తున్నారో, రోజుకు ఎన్నిసార్లో, ఏ రుచిదో అన్నీ చెప్పండి.

ఇప్పుడు గొంతు సంగతికి వద్దాం. జలుబు చేసి గొంతు పోతే సాధారణంగా రెండు, మూడు వారాల్లో దానంతట అదే తిరిగి వస్తుంది. నాలుగు వారాలు దాటినా బొంగురు తగ్గకపోతే స్వరపేటికను కంటితో చూడకుండా మందులు రాయకూడదు. మీకు ఆరు వారాలు దాటాయి. కాబట్టి మొదట చేయవలసింది లారింగోస్కోపీ. సన్నటి గొట్టం లాంటి కెమెరాను ముక్కు నుంచి గానీ నోటి నుంచి గానీ పంపి స్వరతంత్రులను, అంటే మాట పలికించే రెండు మడతలను చూస్తారు. మత్తుమందు స్ప్రే కొడతారు. కొన్ని నిమిషాల్లో అయిపోతుంది, ఆసుపత్రిలో చేరనక్కరలేదు. హైదరాబాద్‌లోనే ఉన్నారు కాబట్టి కోఠిలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రికి వెళ్లవచ్చు, లేదా మీకు దగ్గరలో ఉన్న ఏ ఈఎన్‌టీ నిపుణుడినైనా కలవవచ్చు. బొంగురు గొంతుకు యాంటీబయాటిక్ చాలా అరుదుగా తప్ప పనిచేయదు. ఇతర లక్షణాలేవీ లేకుండా, గొంతు లోపల చూడకుండా, కేవలం బొంగురు ఉందని గ్యాస్ మాత్రలు ఇవ్వడమూ సరికాదు.

పరీక్షలో ఏం కనిపించవచ్చు? మీ వయసు, మీ పని, మీ అలవాటు చూస్తే స్వరతంత్రులు ఎర్రబడి, ఎండిపోయి, కాస్త ఉబ్బి ఉండవచ్చని నా అంచనా. బాగా మాట్లాడేవారికీ పాడేవారికీ వచ్చే చిన్న బుడిపెలు కూడా ఉండవచ్చు. మన దేశంలో స్వరపేటికకు క్షయ సోకడమూ ఉంది. దగ్గు, జ్వరం, బరువు తగ్గడం ఉంటే దాని గురించీ ఆలోచించాలి. 27 ఏళ్ల వయసులో క్యాన్సర్ చాలా అరుదు. అయినా ఐదేళ్లు సిగరెట్ తాగారు కదా, అంచనాతో సరిపెట్టుకోకుండా ఒకసారి చూసి నిర్ధారించుకోవడం మంచిది.

వేప్ గొంతును ఎలా దెబ్బతీస్తుందో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ‘అది ఆవిరే కదా’ అన్న మాట చాలామంది నోట వింటున్నాను. వంటింట్లో నీళ్లు మరిగితే వచ్చే ఆవిరికీ దీనికీ పోలిక లేదు. వేప్‌లో ఉండే ద్రవంలో ప్రధానంగా ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్ ఉంటాయి. వాటిలో నికోటిన్, రుచి కోసం వేసే రసాయనాలు కలుపుతారు. దాన్ని ఒక తీగచుట్ట వేడిచేసి సన్నటి తుంపరగా మారుస్తుంది. ఆ రెండు ద్రవాలకూ నీటిని పీల్చుకునే గుణం ఉంది. వేడి ఎక్కువైనప్పుడు వాటినుంచే ఫార్మాల్డిహైడ్, అక్రోలీన్ లాంటి ఘాటైన రసాయనాలు పుడతాయి. ద్రవం అయిపోవచ్చినప్పుడు మాడువాసన వస్తుంది చూడండి, అప్పుడు ఇవి మరీ ఎక్కువ. తీగచుట్ట నుంచి నికెల్, క్రోమియం, సీసం రేణువులు తుంపరలో కలుస్తాయని పరీక్షల్లో తేలింది.

ఈ తుంపర ఊపిరితిత్తుల్లోకి వెళ్లాలంటే స్వరతంత్రుల మధ్య నుంచే వెళ్లాలి, వేరే దారి లేదు. కంఠమణి వెనక ఉండే ఈ రెండు మడతలు మగవారిలో రెండు సెంటీమీటర్లకు అటూఇటుగా ఉంటాయి. మామూలుగా మాట్లాడేటప్పుడే అవి సెకనుకు 100 నుంచి 130 సార్లు ఒకదానికొకటి తాకుతాయి. ఆడవారిలో 200 సార్ల దాకా. మీరు హెచ్చు స్థాయిలో పద్యం పాడుతుంటే ఇంకా ఎక్కువ. అన్నిసార్లు తాకినా చిట్లకుండా ఉండటానికి కారణం వాటిపై ఉండే పలుచటి జిగురు పొర. దాన్ని తడిగా ఉంచినంతకాలం గొంతు పలుకుతుంది. ఆ తడి ఎండితే మడతలు సాఫీగా జారవు, రాసుకుంటాయి. రాసుకుంటే వాస్తాయి. వాస్తే బరువెక్కి గొంతు బొంగురుపోతుంది, పైస్థాయి అందదు. రాగం లాగేటప్పుడు తెగిపోవడం అందుకే. గొంతులో వెంట్రుక ఉన్నట్టు అనిపించి మీరు పదేపదే గొంతు సవరించుకుంటూ ఉంటారు. అది ఆ రెండు మడతలనూ గట్టిగా గుద్దినట్టే. అందువల్ల వాపు ఇంకా పెరుగుతుంది.

ఇంత జరుగుతున్నా పీల్చేటప్పుడు గొంతు మండదేమి? సిగరెట్ ఎక్కువైతే గొంతు మండి, దగ్గు వచ్చి మనిషిని ఆపేది. ఇప్పటి వేప్‌లలో చాలావాటిలో నికోటిన్‌ను బెంజోయిక్ ఆమ్లంతో కలిపి లవణంగా మారుస్తారు. దాంతో దాని ఘాటు తగ్గుతుంది. 2015లో అమెరికాలో జూల్ అనే వేప్ వచ్చాక ఈ పద్ధతి బాగా వ్యాపించింది. దానికి తోడు పుదీనా, మామిడి, పుచ్చకాయ రుచులు, చల్లదనం కోసం మెంథాల్. గొంతు పెట్టవలసిన కేక వినిపించకుండా నోరు నొక్కేస్తున్నారన్న మాట. ఈ పద్ధతి మీద నాకు నిజంగా కోపం ఉంది. నొప్పి తెలియకపోవడం వల్ల పిల్లలు దాన్ని రోజంతా చేతిలో పెట్టుకుని పీలుస్తూనే ఉంటున్నారు. సిగరెట్ అయితే ఒకటి కాల్చి బయటపడేస్తారు, దీనికి ముగింపు లేదు. 5 శాతం అని రాసి ఉంటే మిల్లీలీటరుకు సుమారు 50 మిల్లీగ్రాముల నికోటిన్ అని అర్థం.

మీ ఉద్యోగం కూడా ఒక కారణమే. ఏసీ గాలిలో రాత్రంతా మాట, పక్కన పదిమంది మాట్లాడుతుంటే మనకు తెలియకుండానే గొంతు పెరుగుతుంది. నిద్ర ఆపుకోవడానికి కాఫీ, తెల్లవారుజామున తిని వెంటనే పడుకోవడం. నికోటిన్ అన్నవాహిక కింది కండరాన్ని సడలిస్తుంది కాబట్టి కడుపులోని ఆమ్లం గొంతు దాకా ఎగదన్నే వీలు పెరుగుతుంది. తిన్నాక కనీసం రెండు, మూడు గంటలు ఆగి పడుకోండి.

మీ అన్నయ్య చెప్పింది పూర్తిగా తప్పు కాదు. బ్రిటన్‌లో సిగరెట్ మానలేని పెద్దవారికి, మానడానికి ఒక మెట్టుగా వేప్‌ను సూచిస్తారు. మానడానికి అది నికోటిన్ పట్టీలు, గమ్ కంటే ఎక్కువ మందికి ఉపయోగపడుతుందని అధ్యయనాలను గుదిగుచ్చి చూసిన సమీక్షలు కూడా చెప్పాయి. ఆ సమీక్షల్లోనే తరచుగా కనిపించిన దుష్ఫలితాల్లో గొంతు, నోటి మంట ఒకటి. పైగా అక్కడ నికోటిన్ మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములు దాటకూడదన్న నియమం ఉంది. వాడి పారేసే వేప్‌ల అమ్మకాన్ని 2025 జూన్ 1 నుంచి నిషేధించారు. సిగరెట్ అలవాటు లేనివారు దీని జోలికి పోవద్దని అక్కడా చెబుతారు. మీరు కొంటున్నది చాటుగా అమ్మే సరుకు. దాని లోపల ఏముందో ఎవరూ పరీక్షించలేదు, ‘నికోటిన్ లేదు’ అని రాసి ఉన్నా నమ్మడానికి ఆధారం లేదు. అన్నయ్య చెప్పిన మెట్టు మీద మీరు ఏడాదిన్నరగా నిలబడిపోయారు.

కాబట్టి మానేయాలి, మళ్లీ సిగరెట్‌కు వెళ్లకుండా మానేయాలి. ఈ రెండో మాట మరిచిపోవద్దు. మొదటి రెండు, మూడు రోజులు చిరాకు, నిద్ర పట్టకపోవడం, తలనొప్పి ఎక్కువగా ఉంటాయి. రెండు నుంచి నాలుగు వారాల్లో చాలావరకు సర్దుకుంటాయి. వరుసగా సెలవులు దొరికే రోజుల్లో మొదలుపెడితే తేలిక. నికోటిన్ గమ్ చప్పరించే తీరు చాలామందికి తెలియదు. చూయింగ్ గమ్‌లా ఆపకుండా నమిలితే గొంతు ఇంకా మండుతుంది. నాలుగైదుసార్లు నమిలి, చురుక్కుమనగానే దవడన పెట్టి ఆపాలి. చురుకు తగ్గాక మళ్లీ నమలాలి. మీ గొంతు ఇప్పుడున్న స్థితిలో గమ్ కంటే చర్మానికి అంటించే పట్టీ నయమని నా అభిప్రాయం. మోతాదు మీ వైద్యుడితో మాట్లాడి నిర్ణయించుకోండి. 1800-11-2356 అనే ఉచిత నంబరుకు ఫోను చేస్తే పొగాకు మానడానికి జాతీయ క్విట్‌లైన్ సలహాదారులు మాట్లాడతారు.

పరీక్ష అయ్యేదాకా గొంతుకు విశ్రాంతి ఇవ్వండి. వీలైతే రెండు వారాలు ఫోన్లు లేని పని అడగండి. అవసరమైతే డాక్టరు చేత ఉత్తరం రాయించుకోండి. గుసగుసగా మాట్లాడటం విశ్రాంతి కాదు, దానివల్ల గొంతు ఇంకా అలసిపోతుంది. మెల్లగా, మామూలు గొంతుతో, తక్కువ మాట్లాడండి. గొంతు సవరించుకోవాలనిపించినప్పుడు ఒక గుక్క నీళ్లు తాగి మింగండి. రోజూ రెండు పూటలా ఉత్త నీటి ఆవిరి పట్టవచ్చు. అందులో బామ్, కర్పూరం వేయవద్దు. ఉప్పునీళ్లు పుక్కిలిస్తే హాయిగా ఉంటుంది, కానీ ఆ నీళ్లు స్వరతంత్రుల దాకా చేరవు. మెంథాల్ బిళ్లల వల్ల మేలుకంటే ఎండిపోవడమే ఎక్కువ.

పద్యం పాడేవారు కాబట్టి కరక్కాయ సంగతి అడగకపోయినా చెబుతాను. దవడన కరక్కాయ ముక్క పెట్టుకుంటే లాలాజలం ఊరి గొంతు తడిగా ఉంటుంది. మీ తాతగారి తరం దాన్ని నమ్ముకున్నది అందుకే. ఉంచుకోండి, నష్టం లేదు. వాచిన తంత్రులను మాత్రం అది తగ్గించలేదు. అతిమధురం వారాల తరబడి ఎక్కువగా వాడితే రక్తపోటు పెరుగుతుంది, పొటాషియం తగ్గుతుంది. దానితో జాగ్రత్త.

ఊపిరి ఆడకపోవడం, పీల్చేటప్పుడు ఈల లాంటి చప్పుడు, దగ్గులో రక్తం, మింగలేకపోవడం, మెడలో గడ్డ, ఛాతీ నొప్పితో కూడిన జ్వరం, వీటిలో ఏది కనిపించినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. 2019లో అమెరికాలో వేప్ పీల్చినవారికి ఊపిరితిత్తులు ఉన్నట్టుండి దెబ్బతిన్నాయి. 2020 ఫిబ్రవరి నాటికి 2,807 కేసులు నమోదయ్యాయి, వారిలో 68 మంది మరణించారు. గంజాయి సారం కలిపిన ద్రవాల్లో వాడిన విటమిన్ ఈ ఎసిటేట్ దానికి ప్రధాన కారణమని తేల్చారు. చాటుగా అమ్మే సరుకులో ఏం కలిపారో తెలియదని నేను పదేపదే అనేది ఇందుకే.

ఇక మీ చివరి ప్రశ్న. కేవలం వాపు, ఎండిపోవడమే అయితే వేప్ ఆపిన కొన్ని వారాల్లో గొంతు తేరుకునే అవకాశం బాగా ఉంది. బుడిపెలు ఉన్నా మొదటి చికిత్స శస్త్రచికిత్స కాదు. స్పీచ్ థెరపిస్టు దగ్గర కొన్ని వారాలు గొంతు వాడే పద్ధతి నేర్చుకుంటే చాలామందికి అవి తగ్గుతాయి. ఈ పండుగకు మాత్రం పాడవద్దు. వాచిన గొంతుతో రాగం లాగితే తంత్రిలో రక్తం చిమ్మి శాశ్వతంగా మచ్చ పడే ప్రమాదం ఉంది. తాతగారికి నిజం చెబితే ఆయనే ఆపుతారని నా నమ్మకం. తిరిగి మొదలుపెట్టేటప్పుడు శ్రుతి తగ్గించి, రాగం లేకుండా పద్యం చదివినట్టుగా రోజుకు పది నిమిషాలు సాధన చేయండి. పరీక్షకు వెళ్లే ముందు మీ వేప్ పెట్టె మీద రాసి ఉన్నదంతా ఫోనులో ఫొటో తీసుకుని వెళ్లి, డాక్టరు అడగకముందే చూపించండి.