ఈ వారం మీ ప్రశ్నలు: నూట పదహార్లు, దమ్మిడీ, బందరు

ప్రశ్న: మొన్న మా అన్నయ్య కూతురి పెళ్లిలో చదివింపుల కవర్లో వంద పెడుతుంటే మా అత్తయ్య చెయ్యి పట్టుకుని ఆపి, ఇంకో పదహారు వేయించింది. ఇది నిజాం కాలం నాటి లెక్క అని వాట్సాప్‌లో చదివాను, నిజమేనా? (ఒక పాఠకురాలు, తెనాలి)

జవాబు: ఆ మెసేజ్ నాకూ నాలుగు గ్రూపుల్లోంచి వచ్చిందండి. కథేంటంటే, హైదరాబాద్ సంస్థానంలో నిజాంకి సొంత రూపాయి ఉండేది, హాలీ సిక్కా అనేవాళ్లు, బ్రిటిష్ వాళ్ల కల్దార్ రూపాయి కంటే దాని విలువ కాస్త తక్కువ, అందుకని వంద కల్దార్లకి సరిపోవాలంటే నూట పదహారు హాలీలు ఇవ్వాల్సొచ్చేది, అదే ఆచారమైపోయింది అని.

మారకం లెక్క మాత్రం అబద్ధం కాదు. 6 కల్దార్లకి 7 హాలీలు. అంటే వందకి 116 రూపాయల 10 అణాల 8 దమ్మిడీలు. మా అమ్మమ్మ పోపుల డబ్బాలో ఒక హాలీ రూపాయి ఉండేది, దానిమీద చార్మినార్ బొమ్మ, బాగా దగ్గరగా పెట్టుకుని చూస్తే ఆ చార్మినార్ గుమ్మంలో బుల్లి అక్షరం ఒకటి కనిపిస్తుంది, అది ఉర్దూ 'ఐన్', ఉస్మాన్ అనే పేరులో మొదటి అక్షరం. చిన్నప్పుడు నేను దాన్ని గుమ్మంలో కూర్చున్న పిల్లి అనుకునేవాణ్ణి.

సరే, అసలు సంగతికొస్తే ఈ కథ మీద నాకు రెండు డౌట్లున్నాయి. ఒకటి, మీ తెనాలి వైపంతా మద్రాసు ప్రెసిడెన్సీ, అక్కడ నడిచింది కల్దారే, మరి అక్కడివాళ్లు హాలీ లెక్కలో చదివించడం ఎందుకు? రెండోది ఇంకా గట్టిది. మనం వెయ్యిన్నూట పదహార్లు కూడా ఇస్తాం కదా, నిజాం లెక్కే అయితే వెయ్యికి 1166 చిల్లర రావాలి. ఏ పెళ్లిలోనైనా వెయ్యిన్నూట అరవై ఆరు చదివించినవాళ్లని చూశారా? నేనైతే చూళ్లేదు. అందుకని నాకేమనిపిస్తుందంటే ఇదంతా పదహారు మీద మనకున్న మోజు. రూపాయికి పదహారణాలు, పూజలో షోడశోపచారాలు, చంద్రుడికి పదహారు కళలు, అచ్చమైన తెలుగమ్మాయిని పదహారణాల తెలుగమ్మాయి అంటాం, అంటే ఒక్క అణా కూడా తక్కువ కాదని. వంద పక్కన పదహారు పెడితే నిండుగా ఉంటుంది, పైగా సున్నాతో ఆపినట్టూ ఉండదు. ఇది నా ఊహే సుమా, మీ అత్తయ్యతో వాదనకి దిగేటప్పుడు నా పేరు చెప్పకండి.

ప్రశ్న: "దమ్మిడీ ఆదాయం లేదు, క్షణం తీరిక లేదు" అని మా నాన్న రోజూ నన్ను తిడతారు. దమ్మిడీ అంటే ఎంత సార్? (డిగ్రీ స్టూడెంట్, ఖమ్మం)

జవాబు: రూపాయిలో 192వ వంతు బాబూ, కాబట్టి మీ నాన్నగారు గట్టిగానే తిడుతున్నారు. మూడు దమ్మిడీలు ఒక కానీ, నాలుగు కానీలు అణా, రెండణాలు బేడ, నాలుగణాలు పావలా. 1957 ఏప్రిల్ 1న రూపాయికి వంద పైసలని మార్చేసరికి ఈ లెక్కంతా కలగాపులగం అయిపోయింది. అణా అంటే ఆరుంబావు పైసలు, ఆ పావు పైసా ఎవరిస్తారు? బేడ అంటే పన్నెండున్నర, అదీ తెగదు. పావలా ఒక్కటే సరిగ్గా పాతిక పైసలకి కుదిరింది, అందుకే బేడ అంటే ఇవాళ ఎవరికీ తెలీదు కానీ పావలా బతికిపోయింది. పాతిక పైసల బిళ్ల 2011 జూన్ 30తో చెల్లకుండా పోయినా మాట మాత్రం పోలేదు, డ్వాక్రా మహిళల్ని అడగండి, పావలా వడ్డీ అంటే నూటికి నెలకి పావలా, ఏడాదికి 3 శాతం అని టక్కున చెప్తారు.

ప్రశ్న: మచిలీపట్నాన్ని బందరు అని ఎందుకంటారు? కోతులేమైనా ఎక్కువా? (విజయవాడ)

జవాబు: కోతిని బందర్ అనేది హిందీలో, దానికీ దీనికీ సంబంధం లేదు. ఇది పారశీ మాట, రేవు అని అర్థం. ఇరాన్‌లో బందర్ అబ్బాస్ ఉంది చూడండి, అదే బందర్. గోల్కొండ సుల్తానుల కాలంలో వాళ్ల రాజ్యానికి పెద్ద రేవు ఇదే, ఇంగ్లీషువాళ్లు కూడా 1611లోనే ఇక్కడ వర్తకం మొదలెట్టారు. అంచేత బందరు పోర్టు అంటే రేవు రేవు అన్నట్టే, ఏటీఎం మిషన్ అంటాం చూశారా, అలాగ.

అదే దారిలో వచ్చిన ఇంకో మాట కలంకారీ. కలం పట్టి చేసే పని అని. తమాషా ఏంటంటే శ్రీకాళహస్తిలో నిజంగానే వెదురు పుల్లకి గుడ్డ చుట్టి, రంగులో ముంచి చేత్తో గీస్తారు, బందరు పక్కన పెడనలో మాత్రం కలమే ఉండదు, టేకు చెక్క మీద చెక్కిన అచ్చుని రంగులో ముంచి గుడ్డ మీద పెట్టి పిడికిలితో ఒక్క గుద్దు గుద్దుతారు. దానికి మన తెలుగు మాట అద్దకం ఉండనే ఉంది, అయినా షాపులో బోర్డు మీద మాత్రం కలంకారీ అనే రాస్తారు, చీర అలా అయితేనే అమ్ముడవుతుందట.