రన్‌వే కంటికి ఆనని క్షణం గురించి

చిరంజీవికి ఆశీస్సులు.

కోళికోడ్ విమాన ప్రమాదం మీద నువ్వు పంపిన వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. మొదటి వాక్యంలోనే మంటలు రాశావు. 2020 ఆగస్టు 7 రాత్రి అక్కడ మంటలు లేవలేదు. దుబాయి నుంచి 190 మందితో వచ్చిన ఆ బోయింగ్ 737 కుండపోత వానలో రన్‌వే దాటిపోయి, కొండ అంచు నుంచి కిందపడి ముక్కలైంది. ఇద్దరు పైలట్లతో కలిపి 21 మంది చనిపోయారు. లేని మంటను చూపిస్తే ఆ కుటుంబాలవారు నీ రెండో వాక్యం చదవరు.

వానే ప్రాణాలు తీసిందన్న మాట కూడా కొట్టివెయ్యి. దిగే విమానానికి ఒక కనీస ఎత్తు ముందే నిర్ణయించి ఉంటుంది. అక్కడికి చేరేసరికి రన్‌వే గానీ దాని దీపాలు గానీ కంటికి ఆనకపోతే మళ్ళీ పైకి లేవాలి. దానినే గో అరౌండ్ అంటారు. కెప్టెన్ వైపు వైపర్ ఆగిపోయిన ఆ మొదటి ప్రయత్నంలో వాళ్ళు చేసింది సరిగ్గా అదే. నువ్వు ఒక్క ముక్కలో దాటేసిన ఆ ఘట్టం దగ్గర నీ కలం చాలాసేపు నిలవాలి, ఎందుకంటే కొద్దిసేపటి ముందు నియమాన్ని పాటించిన చేతులే రెండోసారి, వెనకగాలి తోస్తుండగా, సుమారు 2,700 మీటర్ల రన్‌వేలో దాదాపు సగం దాటాక చక్రాలు ఆనించాయి. కో-పైలట్ నోట గో అరౌండ్ అన్న మాట వచ్చింది, కానీ విమానం లేవలేదు.

కెప్టెన్‌ను దోషిగా నిలబెట్టి నువ్వు ఆగిపోయావు. 2021లో వచ్చిన దర్యాప్తు నివేదిక ఆయన తప్పును దాచలేదు గానీ, అక్కడితో ఆగనూ లేదు. మర్నాడు ఉదయం అక్కడి నుంచే ఆయన మరో విమానం నడపవలసి ఉండటాన్ని, ఎంతో అనుభవం ఉన్న పెద్దవాడి ముందు చిన్నవాడు గట్టిగా అడ్డుచెప్పలేకపోవడాన్ని అది పట్టుకుంది. పెద్దల మాటకు ఎదురు చెప్పకూడదని పెరిగిన మనకు ఆ తడబాటు తెలియనిది కాదు. నాకు చెప్పడానికి నువ్వు జంకిన సందర్భాలు గుర్తు చేసుకుని ఆ భాగం రాయి.

1988 నాటి అహ్మదాబాద్ ప్రమాదాన్ని దీనితో ఒకే పేరాలో కలిపావు. అది వేరు. అక్కడ మసకలో రన్‌వే కోసం బయట వెతుకుతూ ఎత్తు చూసుకోవడం మరిచారు. విమానం రన్‌వే చేరకముందే కూలి 133 మంది పోయారు. విడదీసి రాయి, లేదా తీసివెయ్యి.

విమానాశ్రయం పక్కనే ఉన్న కొండోట్టి జనం మీద రాసిన పేరాను మాత్రం ముట్టుకోవద్దు. కోవిడ్ భయం ఊరంతా కమ్మిన రోజుల్లో, వానలో పరుగెత్తుకొచ్చి, క్షతగాత్రులను సొంత వాహనాల్లో ఆసుపత్రులకు చేర్చి, తరువాత క్వారంటైన్‌లోకి వెళ్ళిన ఆ మనుషులను ఉన్నది ఉన్నట్టు చూపించావు. మిగిలింది తిరగరాసి పంపు, వెంటనే చదువుతాను.

నీ శ్రేయోభిలాషి