హౌండ్స్ ఆఫ్ లవ్: 1985 సీడీనా, 2018 రీమాస్టరా? ఎవరి మాట నమ్మాలి?

ప్రశ్న సారాంశం ఇది: బ్రిటిష్ గాయని కేట్ బుష్ 1985 ఆల్బమ్ హౌండ్స్ ఆఫ్ లవ్ పాత సీడీ ఒకటి చేతికొచ్చింది. యాప్‌లో వినే 2018 రీమాస్టర్ పక్కన పెడితే పాతది పేలవంగా, పల్చగా అనిపిస్తోంది. కానీ తెలిసినవాళ్లు చాలామంది పాతదే మేలంటున్నారు. లోపం చెవుల్లో ఉందా, డిస్కులో ఉందా?

రెంటిలోనూ కాదు, ముందు వాల్యూమ్‌లో చూడండి. పాత సీడీ పెట్టినప్పుడు నాబ్ ఇంకొంచెం తిప్పి మళ్లీ వినండి. సగం తగువు అక్కడే తీరిపోతుంది. ఒకే పాటను ఒకసారి మామూలుగా, ఇంకోసారి ఒక్క డెసిబెల్ పెంచి వినిపిస్తే, చాలామంది రెండోదాన్ని "గట్టిగా ఉంది" అనరు, "బాగుంది, క్లియర్‌గా ఉంది, బేస్ నిండుగా ఉంది" అంటారు. ఎనభైల నాటి సీడీలు సాధారణంగా తక్కువ లెవెల్లో చేసినవి, తర్వాతి విడుదలలు అంతకంటే పైన ఉంటాయి. తూకం సరిచూడకుండా బేరం మొదలుపెడితే ఎవరు గెలుస్తారో ముందే తెలుసు.

రీమాస్టర్ అంటే ఏం మారుతుందో, ఏం మారదో కూడా తెలిసి ఉండాలి. మాస్టరింగ్ అంటే విడుదలకు ముందు చేసే చివరి సవరింపు. అది జరిగేది మిక్స్ (విడివిడిగా రికార్డు చేసినవన్నీ కలపడం) అయిపోయాక, ఎడమ కుడి రెండే చానెళ్ల టేపు మీద. అక్కడ గొంతును మాత్రమే పైకి లేపడం, డ్రమ్ముని మాత్రమే వెనక్కి నెట్టడం కుదరదు. "రీమాస్టర్‌లో గొంతు ముందుకొచ్చింది" అని ఎవరైనా అంటే, 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ ప్రాంతాన్ని కాస్త ఎత్తారనుకోవాలి. గొంతుతోపాటు ఆ ప్రాంతంలో ఉన్న గిటారూ, డ్రమ్ దెబ్బ అంచూ కూడా లేచే ఉంటాయి. గొంతూ వాద్యాలూ విడివిడిగా ఉన్న మల్టీట్రాక్ టేపు తెరిచి మళ్లీ కలిపితే అది రీమిక్స్. మన దగ్గర పాత పాటలకు పైనుంచి జంకార్ బీట్స్ అతికించి అమ్మినది ఈ రెండూ కాదు, దాని పాపం దానిదే. ఇళయరాజా పాటల పాత క్యాసెట్లకూ తర్వాతి డిస్కులకూ మధ్య నడిచే వాదాల్లో కూడా ఈ మూడూ కలగాపులగం అయిపోతుంటాయి.

2018 నవంబరులో వచ్చిన ఈ వరస రీమాస్టర్లను కేట్ బుష్, ఇంజనీరు జేమ్స్ గత్రీ కలిసి చేశారు. హౌండ్స్ ఆఫ్ లవ్ వరకూ అది నిజంగా రీమాస్టరే. కానీ ఆ వరసలో అన్నీ అలా లేవు. ఆమె 2005 నాటి ఆల్బమ్ ఏరియల్‌లో ఆస్ట్రేలియా కళాకారుడు రోల్ఫ్ హారిస్ గొంతు ఉన్న భాగాలు 2018 ప్రతిలో లేవు, వాటి స్థానంలో ఆమె కొడుకు ఆల్బర్ట్ మెకింటాష్ గొంతు ఉంది. కాబట్టి ఏరియల్ పాత, కొత్త ప్రతులను సౌండ్ క్వాలిటీ కోసం పోల్చేటప్పుడు ఆ పాటల జోలికి పోకండి.

ఇక పోల్చే పద్ధతి. స్ట్రీమింగ్ యాప్‌లో ఒకటి, సీడీ ప్లేయర్‌లో ఒకటి పెట్టి పోల్చడం దండగ. యాప్‌లో నార్మలైజేషన్ (పాటలన్నింటినీ ఒకే గట్టిదనానికి తేవడం) ఆన్‌లో ఉంటే స్పాటిఫై మామూలుగా మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి తోచే గట్టిదనాన్ని కొలిచే ప్రమాణం) దగ్గరకు తెస్తుంది, సీడీ ప్లేయర్ ఏమీ చేయదు. పైగా ఫోన్‌లో డాల్బీ అట్మాస్, ఈక్వలైజర్ లాంటివి కంపెనీవాడే ఆన్ చేసి పంపి ఉండొచ్చు. రెండూ కంప్యూటర్‌లోకి రావాలి. సీడీని ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అనే ప్రోగ్రాంతో, తప్పులు సరిచూస్తూ చదివే సెక్యూర్ మోడ్‌లో, నాణ్యత పోని ఫ్లాక్ ఫైళ్లుగా రిప్ చేయండి, అంటే కంప్యూటర్‌లోకి ఎక్కించండి. రీమాస్టర్‌ను ఫ్లాక్‌గా కొనండి, లేదా ఆ సీడీ తెచ్చుకుని అదే పద్ధతిలో రిప్ చేయండి. హెడ్‌ఫోన్ వైర్‌దే అయ్యుండాలి, బ్లూటూత్ వద్దు.

రిప్ చేసేటప్పుడే ఒకటి గమనించండి. ఎనభైల తొలి సీడీలు కొన్నింటిని ప్రీ ఎంఫసిస్‌తో చేశారు. అంటే డిస్కులో ట్రెబుల్‌ను కావాలని ఎత్తి రాస్తారు, ప్లేయర్ దాన్ని మళ్లీ దించుతుంది. ఆ ఎత్తు చిన్నదేమీ కాదు, 10 కిలోహెర్ట్జ్ దగ్గర సుమారు 7.6 డెసిబెల్, 20 దగ్గర 9.5. సీడీ ప్లేయర్‌లో పెడితే సరిగ్గానే వినిపిస్తుంది, కంప్యూటర్‌లో రిప్ చేస్తే మాత్రం దించేవాడు ఉండడు. "స", "ష" అక్షరాలు చెవిలో సూదిలా గుచ్చుకుంటుంటే, బేస్ ఎక్కడికో పారిపోయినట్టుంటే ముందు దీన్నే అనుమానించాలి. ఎగ్జాక్ట్ ఆడియో కాపీ ట్రాకుల పట్టికలో ప్రీ ఎంఫసిస్ అని ఒక గడి ఉంటుంది, చూడండి. అక్కడ "లేదు" అని ఉన్నా పూర్తిగా నమ్మకండి. కొన్ని డిస్కుల్లో ఆ గుర్తు టీఓసీలో (డిస్కు మొదట్లోని విషయసూచికలో) ఉండదు, ట్రాక్ సబ్‌కోడ్‌లో (పాటతోపాటే నడిచే అదనపు సమాచారంలో) మాత్రమే ఉంటుంది. ఉందని తేలితే సాక్స్ అనే ఉచిత ప్రోగ్రాంలో డీఎంఫ్ ఎఫెక్ట్ ఒక్కసారి వేస్తే సరిపోతుంది. మీ డిస్కు "పల్చగా" ఉండటానికి ఇదీ ఒక కారణం కావచ్చు కాబట్టి దీన్ని దాటేసి ముందుకు పోకండి.

తర్వాత ఫూబార్ 2000 అనే మ్యూజిక్ ప్లేయర్ ప్రోగ్రాంలో రెండు ప్రతులనూ రీప్లేగెయిన్ (పాట గట్టిదనాన్ని కొలిచే సౌకర్యం) స్కాన్ చేయండి. ట్రాక్ గెయిన్ అంకెలు వస్తాయి. ఉదాహరణకు పాతదానికి మైనస్ 1.2, కొత్తదానికి మైనస్ 4.6 వచ్చాయనుకుంటే కొత్తది 3.4 డెసిబెల్ గట్టిగా ఉన్నట్టు. ఎప్పుడూ గట్టిదాన్నే తగ్గించండి, నెమ్మదిదాన్ని పెంచితే పైన క్లిప్ అయ్యే (తరంగ శిఖరాలు తెగిపోయే) ప్రమాదం ఉంది. ఇక్కడొక మెలిక ఉంది. ఈ అంకెల వెనక ఉన్న ఎల్‌యూఎఫ్‌ఎస్ కొలత అడుగు బేస్‌ను తక్కువగా లెక్కేస్తుంది. రీమాస్టర్‌లో కింది భాగం నిండుగా ఉంటే, అంకెలు సమానమైనా చెవికి అది ఇంకా బరువుగానే అనిపించవచ్చు. అందుకే మొత్తం పాటను కాకుండా, గొంతు ఒక్కటే ప్రధానంగా ఉన్న 10 సెకన్ల ముక్కను రెంటిలోనూ కత్తిరించి, ఆ ముక్కల లెవెల్ సరిపెట్టడం మేలు. తేడా 0.2 డెసిబెల్ లోపు ఉంటే చాలు.

కత్తిరించడానికి ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ ప్రోగ్రాం చాలు. వినే పరీక్షకు 15, 20 సెకన్ల ముక్కలు, రెండూ ఒకే డ్రమ్ దెబ్బ దగ్గర మొదలవ్వాలి. ఇది చాదస్తం కాదు. పాత సీడీలో పాటకు ముందున్న నిశ్శబ్దం, కొత్తదానిలోది ఒకే పొడవు ఉండవు. అలాగే వదిలేస్తే ఏది ఏదో సౌండ్ వినకముందే, ఆలస్యాన్ని బట్టే పట్టేస్తారు. ఒక ఫైలు శాంపిల్ రేటు 96 కిలోహెర్ట్జ్, ఇంకోదానిది 44.1 అయితే రెంటినీ ఒకే రేటుకు తెచ్చుకోండి. లేకపోతే మారేటప్పుడు వచ్చే చిన్న టిక్కు కూడా ఆచూకీ చెప్పేస్తుంది.

ఇప్పుడు ఫూబార్‌లో ఏబీఎక్స్ కంపేరేటర్. పేరు చెప్పకుండా వినిపించే ముక్క రెంటిలో ఏదో మీరు పట్టాలి. 16 సార్లు వినండి. 12 సరిగ్గా చెప్తే, ఊరికే ఊహించి అన్ని కొట్టే అవకాశం 4 శాతం లోపే. కాబట్టి మీకు నిజంగా తేడా తెలుస్తోందనుకోవచ్చు. 9, 10 దగ్గర ఆగితే బొమ్మా బొరుసూ వేసినట్టే. విసుగొస్తే ఆపేసి మర్నాడు చేయండి, అలసిన చెవికి అన్నీ ఒకటే. ఒకటి గుర్తుంచుకోండి, ఏబీఎక్స్ తేడా ఉందో లేదో చెప్తుంది గానీ ఏది మంచిదో చెప్పదు.

ఇంకో పద్ధతి చాలామంది చేసి పొరపాటు పడతారు. ఒక ప్రతిని ఇన్వర్ట్ చేసి (తరంగాన్ని తలకిందులు చేసి) ఇంకోదాని మీద వేస్తే ఒకేలా ఉన్నది చెరిగిపోయి తేడా మాత్రం మిగులుతుందంటారు. ఒకే డిజిటల్ ఫైలు నుంచి వచ్చిన రెండు ప్రతుల విషయంలో అది నిజం. కానీ టేపును రెండు వేర్వేరు సంవత్సరాల్లో, వేర్వేరు మెషీన్ల మీద తిప్పి డిజిటల్‌లోకి ఎక్కించినప్పుడు టేపు వేగం వెంట్రుకవాసి తేడాతో ఉంటుంది. పాట మొదట్లో కలిసిన రెండు ప్రతులు చివరికి విడిపోతాయి. అప్పుడు మిగిలే రొద చూసి "ఎంత మార్చేశారో చూడండి" అంటే ఎలా? అది వేగం తేడా, సౌండ్ తేడా కాదు. డీఆర్ అంకెల (పాటలో గట్టి, మెత్తని చోట్ల మధ్య తేడాను చెప్పేవి) సంగతీ ఇలాంటిదే. రెండు సీడీల మధ్య పనికొస్తుంది. ఎల్పీ రిప్‌కూ సీడీకీ మధ్య పనికిరాదు, ఎందుకంటే అదే మాస్టర్‌ను ఎల్పీ మీద కట్ చేసి మళ్లీ రికార్డు చేస్తే ఫేజు (తరంగాల అమరిక) మారి శిఖరాలు లేస్తాయి, అంకె ఊరికే పెరుగుతుంది.

ఏ పాట మీద పరీక్షించాలి? రన్నింగ్ అప్ దట్ హిల్ మీద మాత్రం వద్దు. 1985లో వచ్చిన ఆ పాట 2022లో స్ట్రేంజర్ థింగ్స్ సీరీస్ పుణ్యమా అని బ్రిటన్‌లో మొదటి స్థానానికి ఎక్కినప్పటి నుంచి రీల్స్‌లో, టీవీలో, ఆటోలో అందరి చెవుల్లో రకరకాలుగా ముద్ర పడిపోయింది. పైగా మొదటి నుంచి చివరి వరకు డ్రమ్ ఒకే ఒత్తిడితో నడుస్తుంది, డైనమిక్స్ గురించి పెద్దగా చెప్పదు.

ఇదే ఆల్బమ్‌లోని మదర్ స్టాండ్స్ ఫర్ కంఫర్ట్ తీసుకోండి. కింద ఎబర్‌హార్డ్ వెబర్ బేస్ జారుతూ ఉంటుంది, పైన గాజు పగిలే శబ్దాలు, మధ్యలో గొంతు. ఒకే పాటలో అడుగూ నడుమూ కొసా ఉన్నాయి. బేస్ ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారేటప్పుడు ఆ జారుడు వేలి కదలికలా వినిపిస్తోందా, లేక ఉబ్బిన ముద్దలా ఉందా అని చూడండి. నా చెవికి ఇక్కడ రీమాస్టర్‌దే పైచేయి. గాజు శబ్దాల్లో గరుకు వినిపిస్తే మాస్టరింగ్‌ను తిట్టకండి. ఆ కాలపు ఫెయిర్‌లైట్ (శబ్దాలను రికార్డు చేసి వాయించే కంప్యూటర్ వాద్యం) శాంపిళ్లు 8 బిట్‌వి, గరుకు పుట్టుకతోనే ఉంది. 24 బిట్ ఫైలు కొన్నా అది పోదు, పోకూడదు కూడా.

అండ్ డ్రీమ్ ఆఫ్ షీప్‌లో పియానో స్వరం ఆరిపోయే చోట చెవి పెట్టండి. టేపు హిస్ (టేపు చేసే బుస) సన్నగా, నిలకడగా ఉంటే ఎవరూ దాన్ని ముట్టుకోలేదని అర్థం. స్వరంతోపాటు హిస్ కూడా టక్కున మాయమైతే నాయిస్ రిడక్షన్ గట్టిగా వాడారన్నమాట. పాత రికార్డింగులకు జరిగే అన్యాయాల్లో నన్నడిగితే ఇదే పెద్దది, లౌడ్‌నెస్ కంటే కూడా.

వేకింగ్ ది విచ్‌లో ముక్కలుగా తెగిపడే గొంతు, హెలికాప్టర్ ఉంటాయి. ఆడాసిటీలో తరంగ శిఖరాల మీద జూమ్ చేసి, పైభాగం కత్తితో కోసినట్టు చదునుగా ఉందేమో చూడండి, అదే క్లిప్పింగ్. అన్నట్టు ఆ హెలికాప్టర్ పింక్ ఫ్లాయిడ్ బృందం ది వాల్ ఆల్బమ్ నుంచి అరువు తెచ్చుకున్నది. ది వాల్ సహ నిర్మాత, ఇంజనీరు ఈ జేమ్స్ గత్రీయే. దాదాపు నాలుగు దశాబ్దాల తర్వాత అదే శబ్దం మళ్లీ ఆయన టేబుల్ మీదకే వచ్చిందన్నమాట.

హలో ఎర్త్‌లో అంతా ఆగిపోయి బృందగానం లేచే చోటుంది. రిచర్డ్ హికాక్స్ సింగర్స్ పాడింది, మూలం జార్జియా జానపదం. దాదాపు నిశ్శబ్దంలోంచి గొంతులు వస్తాయి. కంప్రెషన్ (గట్టి, మెత్తని చోట్ల మధ్య తేడాను తగ్గించడం) ఎక్కువైతే ఆ భాగం కూడా ముందున్నదానితో సమానంగా ముఖం మీదకొస్తుంది. వాల్యూమ్ సరిపెట్టాక రెండు ప్రతుల్లోనూ అక్కడ గాలి మిగిలే ఉంది. కొత్తదాన్ని పిండేశారన్న నింద నిలవదని నా అభిప్రాయం. ఎల్పీ లెక్కన మొదటి వైపు ఐదు పాటల్లో డ్రమ్ దెబ్బ అంచు మాత్రం పాత సీడీలో ఇంకాస్త పదునుగా ఉంటుంది. ఆ పదునుకు అలవాటు పడినవాళ్లే "పాతదే మేలు" అంటున్నది. వాళ్లను తప్పుపట్టను, నేనూ ఆ వైపు వినాలంటే పాతదే పెడతాను.

ఎల్పీ కొనాలా అని కూడా అడిగారు. మొదటి వైపు 21 నిమిషాలు, రెండో వైపు ద నైన్త్ వేవ్ అనే పాటల వరస 26 నిమిషాలు. 26 నిమిషాలంటే గాళ్లు దగ్గరదగ్గరగా పడాలి, లెవెల్ తగ్గించక తప్పదు, ప్రెస్సింగ్ చెత్తగా ఉంటే చిటపటలు ఆ వైపే ముందు బయటపడతాయి. దీనికి తోడు బయటి అంచున సూది కింద గాడి సెకనుకు సుమారు 51 సెంటీమీటర్లు పరిగెడితే, లోపలి కొసకు 21కి పడిపోతుంది, సన్నని శబ్దాలు సూదికి అందడం కష్టమవుతుంది. ఆ కొసనే జాన్ విలియమ్స్ గిటారుతో ద మార్నింగ్ ఫాగ్ ఉంది, మొదటి వైపు కొసన క్లౌడ్‌బస్టింగ్ తీగవాద్యాలు ఉన్నాయి. కార్ట్రిడ్జ్ (సూది బిగించిన భాగం) అలైన్‌మెంట్ కాస్త తప్పినా ముందు చెడేవి ఈ రెండే. కొనేముందు ప్రొట్రాక్టర్‌తో (సూది కోణం సరిచూసే కొలబద్దతో) మీ టర్న్‌టేబుల్ సరిచూసుకోండి, లేదంటే రీమాస్టర్‌ను అనవసరంగా తిడతారు.

ఎక్కడైనా 1997 నాటి ఈఎంఐ కంపెనీ సెంటెనరీ సీడీ ప్రతి కనబడితే సౌండ్ కోసం కాకపోయినా తీసుకోండి. అందులో ఆల్బమ్ తర్వాత ఆరు అదనపు ట్రాకులున్నాయి, అండర్ ది ఐవీ, రన్నింగ్ అప్ దట్ హిల్ 12 అంగుళాల మిక్స్ వాటిలోవే. 2018 హౌండ్స్ ఆఫ్ లవ్ డిస్కులో అవి లేవు.