రీషీ ముక్కలకు బూజెందుకు?

ప్రశ్న: చెట్టు మొదట్లో ఎర్రగా, వార్నిష్ పూసినట్టు మెరిసే పుట్టగొడుగు దొరికింది. మందుగా వాడే రీషీ పుట్టగొడుగు అన్నారు. నాలుగు ముక్కలు చేసి ఎండబెడితే వారానికే బూజు పట్టింది. బాగున్న ముక్కను పొడి చేసి తాగితే ఇసుకలా గొంతులో అడ్డం పడుతోంది. ఏం చేయాలి?

జవాబు: ముందు కింది వైపు చూడండి. రీషీకి గొడుగు అడుగున పుస్తకం పేజీల్లా వరుసగా ఉండే రేకులుండవు, సూదిమొనలంత రంధ్రాలుంటాయి. తాజాదైతే ఆ తెల్లటి భాగాన్ని గోటితో గీరగానే గోధుమరంగు గీత పడుతుంది. రేకులుంటే అది రీషీ కాదు, పారేయండి. మరిగిస్తే విషం పోతుందన్న మాట నమ్మొద్దు. కొన్ని పుట్టగొడుగుల్లో ఉండే అమాటాక్సిన్లనే విషాలు వేడికి చావవు.

మందపు ముక్కలు పైన ఎండి లోపల తడిగా ఉండిపోతాయి, బూజు అందుకే. బూజు పట్టినవి కడిగి వాడుకోవద్దు. కోసుకొచ్చిన రోజే 3-5 మి.మీ. మందాన తరగండి. ఎండాక కత్తి దిగదు. ఆహారం ఎండబెట్టే డ్రైయర్‌లో 45-50 డిగ్రీల వేడిలో, పెటుక్కున విరిగేదాకా ఆరనివ్వండి.

దీని కణాల గోడలో కైటిన్ అనే గట్టి పదార్థం ఉంటుంది. పొడిగా మింగితే పెద్దగా అరగదు. పైగా పొడి వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న కేసులూ ఉన్నాయి. అందుకే పొడి కాకుండా కషాయం కాయండి: 5 గ్రాముల ఎండు ముక్కలు, లీటరు నీళ్లు, సన్నని సెగ, రెండు గంటలు. సగానికి దిగాక వడకట్టండి. చేదుగానే ఉంటుంది, అది దాని గుణం. రక్తం పలచబడే మందులు వాడేవారు, ఆపరేషన్‌కు సిద్ధమవుతున్నవారు మాత్రం దీని జోలికి పోవద్దు.