పిల్లిని తెచ్చుకోవాలనుకుంటున్న చిన్నీకి

చిన్నీ,

నీ మెసేజ్ చూశాను. ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పే సంగతి కాదని తీరిగ్గా రాస్తున్నాను. ఆఫీసు టెన్షన్‌తో నిద్రపట్టక రాత్రుళ్లు కాలుగాలిన పిల్లిలా హాల్లో తిరుగుతున్నావని మీ అమ్మ చెప్పినప్పటి నుంచీ నాకూ బెంగగానే ఉంది. పిల్లి ఉంటే మనసు కుదుటపడుతుందని ఎక్కడో చదివి, నిజమేనా పెద్దమ్మా అని అడిగావు. నిజమే. ఇన్నేళ్లుగా పిల్లులతో బతుకుతున్న మనిషిగా చెబుతున్నాను. కాకపోతే పిల్లిని ఇంటికి తెచ్చినంత మాత్రాన ఆ నెమ్మది వచ్చెయ్యదు. దాని పక్కన కూర్చోవడం నేర్చుకోవాలి.

అమెరికాలో వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్లు కాలేజీ పిల్లల మీద చేసిన ఒక పరిశోధన 2019లో వచ్చింది. కొంతమందిని పది నిమిషాల పాటు పిల్లుల్నీ కుక్కల్నీ నిమరనిచ్చారు. కొంతమంది వాళ్లని చూస్తూ నిలబడ్డారు, కొంతమందికి ఆ జంతువుల ఫొటోలు చూపించారు, మిగతావాళ్లు ఊరికే కూర్చున్నారు. తర్వాత అందరి లాలాజలంలో కార్టిసాల్ కొలిచారు. అది మనం ఒత్తిడిలో ఉన్నప్పుడు ఒంట్లో పెరిగే హార్మోను. చేత్తో నిమిరినవాళ్లలోనే అది బాగా తగ్గింది. అందుకే చెబుతున్నా, పడుకునే ముందు పిల్లుల వీడియోలు చూడటం వల్ల నీకు ఒరిగేదేమీ లేదు. చెయ్యి ఆ బొచ్చు మీద పడాలి.

ఆ చెయ్యి వెయ్యడం దగ్గరే చాలామందికి కుదరదు. ఇంటికి రాగానే పిల్లిని వెతికి పట్టుకుని గుండెకి హత్తుకుంటారు. అది గింజుకుని పారిపోతుంది. నువ్వలా చెయ్యకు. బ్యాగు పక్కన పెట్టి, ఫోన్ వేరే గదిలో పడేసి, నేల మీద చాప వేసుకుని కూర్చో. పిల్లిని పిలవకు, దాని వంక తేరిపార చూడకు. అదే వస్తుంది. వచ్చాక దాని ముక్కు ఎత్తులో వేలు చాపి ఆగు. వాసన చూసి బుగ్గ రాసిందంటే నీకు అనుమతి దొరికినట్టే. బుగ్గల దగ్గర ఉండే గ్రంథుల వాసన అంటించి నిన్ను తన మనిషిగా ముద్ర వేసుకుంటుంది. అప్పుడు గడ్డం కింద, మీసాల పక్కన, చెవుల మధ్య మెల్లగా గోకు. పొట్ట జోలికీ తోక మొదలు జోలికీ పోకు. నాలుగుసార్లు నిమిరి చెయ్యి తీసి చూడు. ఇంకా కావాలంటే తలతో నీ చేతిని పొడుస్తుంది. తోక నేలకేసి కొట్టినా, వీపు మీద చర్మం జలదరించినా, చెవులు వెనక్కి వాల్చినా ఇక చాలని అర్థం. వెంటనే ఆపెయ్యి.

ఇంకొకటి. దూరం నుంచే దాన్ని చూస్తూ కళ్లు సగం మూసి, నిదానంగా పూర్తిగా మూసి తెరువు. అదీ అలాగే చేస్తుంది. ఇంగ్లండులో ససెక్స్ యూనివర్సిటీ వాళ్లు దీన్ని పరీక్షించి 2020లో ప్రచురించారు. ఇలా నిదానంగా కళ్లార్పిన మనిషి దగ్గరికి పిల్లులు ఎక్కువగా వచ్చాయట. నువ్వు హడావిడిగా ఉంటే ఇది చెయ్యలేవు, చిన్నీ. ఊపిరి దానంతటదే నెమ్మదించాలి. నాకు తెలిసి పిల్లి వల్ల కలిగే మేలులో సగం అక్కడే ఉంది. దాని వేగానికి మనం దిగాల్సి వస్తుంది.

ఒళ్లోకి వచ్చి గురగురలాడటం మొదలుపెట్టాక కదలకుండా కూర్చో. స్వరపేటిక సెకనుకు సుమారు 25 నుంచి 30 సార్లు అదిరితే పుట్టే చప్పుడది. ఊపిరి పీల్చేటప్పుడూ వదిలేటప్పుడూ ఆగదు. నీ తొడల మీద దాని బరువూ వెచ్చదనం, ఆ అదురూ కలిసి పనిచేస్తాయి. అయితే నొప్పితో ఉన్న పిల్లి కూడా గురగురలాడుతుంది. మూలన నక్కి, తిండి ముట్టకుండా ఆ చప్పుడు చేస్తుంటే సుఖంగా ఉందనుకోకు. ఒక రోజంతా తినకపోతే పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు. తిండి మానేస్తే పిల్లికి లివరు తొందరగా దెబ్బతింటుంది.

మీ పెదనాన్న పోయాక నన్ను మళ్లీ రోజులోకి లాగింది మా బూడిదరంగు పిల్లే. నాకు ఆకలి లేకపోయినా దానికి ఉండేది. సాయంత్రం అయ్యేసరికి వంటింటి గుమ్మంలో కూర్చునేది. దానికి పెట్టడానికి లేచేదాన్ని, లేచాను గనక పొయ్యి వెలిగించేదాన్ని, పొయ్యి వెలిగించాను గనక నేనూ ఒక ముద్ద తినేదాన్ని. ఇది ఏ పరికరంతోనూ కొలిచేది కాదు గానీ, నాకు మాత్రం దీని విలువ తెలుసు.

ఇప్పుడు నీ నిద్ర సంగతి. చిన్న పిల్లికూనని తేకు. అది అర్ధరాత్రి కర్టెన్లు ఎక్కుతుంది, ఉన్న నిద్ర కూడా పోతుంది. రెండు మూడేళ్ల వయసున్న, మనుషులకి అలవాటుపడ్డ నాటు పిల్లిని చూసుకో. వేలు పోసి పర్షియన్ పిల్లిని కొనాల్సిన పని లేదు. ఆ చప్పిడి ముక్కుతో దానికి ఊపిరి కష్టం, ఆ బొచ్చుతో హైదరాబాదు ఎండలు ఇంకా కష్టం, రోజూ దువ్వాలి కూడా. బ్లూ క్రాస్ ఆఫ్ హైదరాబాద్ లాంటి జంతు సంరక్షణ సంస్థల్లో పెంచుకోవడానికి ఇస్తారు. రెండు మూడుసార్లు వెళ్లి కూర్చుని రండి. మీ ఆయనకి దుమ్ము పడదు కదా, పిల్లి కూడా పడదేమో అక్కడే తేలుతుంది. అలర్జీ తెచ్చేది దాని ఉమ్మిలోనూ చర్మంలోనూ ఉండే ప్రోటీను, కాబట్టి పొట్టి బొచ్చు పిల్లి అయితే ఫరవాలేదన్న మాట నమ్మకు.

పిల్లులు సందెవేళా తెల్లవారుజామునా చురుగ్గా ఉంటాయి. నువ్వు పడుకునే ముందు తాడుకు ఈక కట్టి పావుగంట పరిగెత్తించు, ఆ వెంటనే తిండి పెట్టు. వేటాడాలి, తినాలి, ఒళ్లు నాక్కోవాలి, పడుకోవాలి, దాని వరస అది. నీ నిద్రకీ ఆ వరసే పట్టుకో.

మీ ఇంట్లో నీచు వండరని తెలుసు. అయినా పిల్లికి పెరుగన్నం పెట్టి పెంచుదామనుకోకు. టారిన్ అనే పోషకం మాంసం, చేపల్లోనే తగినంత దొరుకుతుంది. అది అందకపోతే పిల్లికి గుండె జబ్బు వస్తుంది, చూపు పోతుంది. వండటం ఇష్టం లేకపోతే క్యాట్ ఫుడ్ ప్యాకెట్లు పెట్టు, వాటిలో అది కలుపుతారు. పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు, నీళ్లు చాలు. ఉల్లి, వెల్లుల్లి తగలనివ్వకు. పారాసెటమాల్ ఎప్పుడూ వెయ్యకు, ఒక్క మాత్రతోనే ప్రాణం పోవచ్చు. బొకేల్లో వచ్చే పెద్ద రేకుల లిల్లీలు ఇంట్లోకి తేవద్దు, వాటి పుప్పొడి నాకినా కిడ్నీలు పాడవుతాయి.

మీది ఆరో అంతస్తు. పిల్లి రాకముందే బాల్కనీకి గట్టి నెట్ కట్టించు. రేబిస్ టీకా, మిగతా టీకాలు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, ఇవన్నీ డాక్టరుతో మాట్లాడు. గీరినా కరిచినా ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో పావుగంట కడిగి, అదే రోజు ఆస్పత్రికి వెళ్లు. పిల్లల కోసం చూస్తున్నారు కాబట్టి లిట్టర్ బాక్స్, అంటే పిల్లి దొడ్డికి వెళ్లే ఇసుక డబ్బా, శుభ్రం చేసే పని అల్లుడికి అప్పజెప్పు. టాక్సోప్లాస్మా అనే సూక్ష్మజీవి పిల్లి మలంలో ఉంటే కడుపుతో ఉన్నవాళ్లకి ప్రమాదం. అది అంటుకునే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది కనక, రోజూ శుభ్రం చేస్తే భయం చాలావరకు తగ్గుతుంది.

శకునం బాగోదని మీ అమ్మ అంటే నాతో మాట్లాడమను.

ఒక మాట గట్టిగా చెబుతున్నా. నిద్రలేమి వారాల తరబడి సాగినా, పొద్దున్న లేవబుద్ధి కాకపోయినా, బతుకు మీద విసుగు పుట్టినా పిల్లి మీద భారం వెయ్యకు. డాక్టర్ని కలువు. మనసు బాగోలేనప్పుడు మాట్లాడటానికి ప్రభుత్వం వాళ్లు పెట్టిన టెలి మానస్ ఫోన్ నంబరు 14416, తెలుగులోనే మాట్లాడతారు. పిల్లి నీకు తోడు, మందు కాదు. ఇంట్లో పెరిగే పిల్లి పదిహేనేళ్లు బతుకుతుంది, నీ టెన్షన్ తగ్గాక కూడా దానికి నువ్వు కావాలి. అంతకాలం చూసుకోలేమనిపిస్తే మీ అపార్ట్‌మెంట్ సెల్లారులో తిరిగే పిల్లికి రోజూ ఒకే వేళకి తిండి పెట్టి, కాసేపు దగ్గర్లో కూర్చో. అదీ మంచిదే.

తెచ్చుకుంటే మాత్రం దీపావళి రాత్రి కిటికీలు మూసిన గదిలో ఉంచండి, టపాకాయల చప్పుడుకి హడలిపోతాయి. సంక్రాంతికి ఇక్కడికి వచ్చేటప్పుడు దాన్ని రైలెక్కించవద్దు, ఇల్లు మారితే పిల్లికి దిగులు. రోజుకు రెండు పూటలా వచ్చి తిండీ నీళ్లూ పెట్టే మనిషిని ఇప్పటినుంచే చూసుకోండి. ఎవరూ దొరక్కపోతే చెప్పు, పండగ ఇక్కడ కాకుండా నేనే అక్కడికి వస్తాను.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ
రాజమహేంద్రవరం