నీటిలో కొలిచిన డెసిబెళ్ళను బట్టి జీవులకు జరిగే హాని చెప్పవచ్చునా?

ఓడలు తిరిగే చోట హైడ్రోఫోన్ (నీటిలో ధ్వనిని పట్టే మైకు) దించి కొలిస్తే, ఆ రొద చేపలకూ తిమింగలాలకూ ఎంత హాని చేస్తోందో తెలుస్తుందా అని మీరు అడిగారు. తెలియదు. నీటి అడుగు ధ్వనులను రికార్డు చేసే పనిలో కొన్నేళ్ళు గడిపిన అనుభవంతో చెబుతున్నాను; రొద ఎంతో తెలియడమే మీరనుకున్నంత సులభం కాదు.

ఒక సర్వేలో పడవ నుండి తాడుతో హైడ్రోఫోన్‌ను వేలాడదీశాము. కనుచూపు మేరలో ఓడ లేకపోయినా, 100 హెర్ట్జ్‌కు దిగువన ఎడతెగని మోత వినిపించింది. దూరపు నౌకల రొదేనని తోటివారు తీర్మానించి, నివేదికలో రాయడానికి సిద్ధమయ్యారు. అయితే ప్రవాహం పెరిగినప్పుడల్లా పెరిగిన ఆ మోత, పోటు పాటుగా మారే వేళ నీరు నిలకడగా ఉన్న కొద్దిసేపూ అణగిపోవడం నాకు అనుమానం కలిగించింది. పరికరాన్ని బరువు కట్టి అడుగున నిలిపి, పడవను దూరంగా పంపి మళ్ళీ రికార్డు చేస్తే మోతలో అధిక భాగం పోయింది; ప్రవాహానికి వీణ తీగలా కంపించిన మా తాడే దానికి మూలం. ఆ తరువాత వచ్చిన అసలు ఓడ ప్రొపెల్లరు లయ విడిగా, స్పష్టంగా వినిపించింది.

ఇంత జాగ్రత్తగా కొలిచిన సంఖ్యను తీసుకుని "జెట్ విమానమంత రొద" అని రాసేవారిని చూస్తే నాకు విసుగు. డెసిబెల్ లెక్కకు ఆధారంగా తీసుకునే పీడనం గాలిలో 20 మైక్రోపాస్కల్‌లు, నీటిలో 1 మైక్రోపాస్కల్. ఈ తేడాయే 26 డెసిబెళ్ళు. నీటి సాంద్రత, అందులో ధ్వని వేగం వల్ల వచ్చే తేడాను కూడా కలిపితే అది సుమారు 62 అవుతుంది; అంటే ఒకే తీవ్రత గల ధ్వనికి నీటిలో అంకె గాలిలో కన్నా అంత ఎక్కువగా వస్తుంది.

పైగా సాధారణ హైడ్రోఫోన్ కొలిచేది పీడనాన్ని. చాలా చేపలు, రొయ్యల వంటి జీవులు ప్రధానంగా పసిగట్టేది నీటి కణాల కదలికను. వినే జీవి దేనిని వింటుందో పట్టించుకోని కొలతతో హాని గురించి తీర్పు చెప్పడం నాకు నచ్చదు.

2001 సెప్టెంబరు 11 దాడుల తరువాత కెనడాలోని ఫండీ అఖాతంలో ఓడల రాకపోకలు తగ్గి, రొద 6 డెసిబెళ్ళు పడిపోయింది. అప్పుడు అక్కడి రైట్ జాతి తిమింగలాల మలంలో ఒత్తిడి హార్మోన్ల అవశేషాలు తగ్గాయని 2012లో ప్రచురితమైన అధ్యయనం తెలిపింది. కొలతలోని ఆ 6కు అర్థం వచ్చింది మలం నమూనాల వల్లనే. అందుచేత మీ దగ్గరున్న నిధులతో రెండో హైడ్రోఫోన్ కొనకండి. ఆ జీవులను ఏళ్ళ తరబడి గమనించే మనిషికి జీతమివ్వండి.